కార్యదర్శి వార్షిక నివేదిక: మన త్రీ నాట్ త్రీ సంగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలు అనుకున్న తేదీలకే జరిగాయి. హాలు పైకప్పు కారడం ఆగింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఇక మిగిలింది రైఫిలే.

అద్దాల పెట్టెలోని త్రీ నాట్ త్రీ కింద ‘కూట్ ముట్టడిలో వాడిన తుపాకి’ అని బోర్డు ఉండేది. కూట్ అంటే అప్పటి మెసపొటేమియాలో, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ఊరు; మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యాన్ని తుర్కులు అక్కడ చుట్టుముట్టారు. మన వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరి తాతగారు దాన్ని మెసపొటేమియా నుంచి తెచ్చారని విన్నాం, నమ్మాం. సర్కారు తుపాకిని సిపాయి ఇంటికెలా తెచ్చుకుంటాడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పగిలిన అద్దం మార్చడానికి రైఫిల్ బయటికి తీశాం. ట్రిగ్గర్ వెనక, చెయ్యి పట్టే చోట, ఇనుము మీద నల్ల పెయింట్ మందంగా ఉంది. ఒక సభ్యుడు ఉత్సాహం కొద్దీ గరుకు కాగితం పట్టాడు. ఆపించి, థిన్నర్‌లో ముంచిన దూదితో తుడిచాం గానీ ఆ గీతలు మాత్రం ఉండిపోయాయి. ముందు కిరీటం, కింద జీఆర్ బయటపడ్డాయి. అంటే ఐదో జార్జి కాలం. తర్వాత బీఎస్‌ఏ, అంటే బర్మింగ్‌హామ్ తయారీ. ఆ కింద 1917.

కూట్‌లో మన సిపాయిలు 147 రోజుల ముట్టడి తర్వాత లొంగిపోయింది 1916 ఏప్రిల్ 29న. అప్పటికి ఈ తుపాకి పుట్టనే లేదు! బల్ల చుట్టూ ఉన్నవాళ్లం కాసేపు ఎవరి మొహాలూ ఎవరం చూసుకోలేదు.

మార్క్ 3 అనే మోడల్ పేరు పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉంది. యుద్ధంలో తయారీ త్వరగా సాగడానికి మ్యాగజైన్ కటాఫ్ (తూటాల పెట్టెను మూసే రేకు) లాంటివి తగ్గించిన రకం అది. బట్ (భుజానికి ఆనించే చెక్క) మీద పల్టన్ (పటాలం) గుర్తులు కొట్టే ఇత్తడి బిళ్లనూ ఆ రోజుల్లోనే మానేశారు. మన దాని బిళ్ల ఊడిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాం, కానీ చెక్కలో దానికి గుంటే లేదు. కాబట్టి ఏ పల్టన్‌దో చెప్పలేం.

బోల్ట్ నంబరు, బాడీ నంబరు కలవలేదు. బారెల్ మీద కలకత్తా దగ్గరి ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ ముద్ర, 1943 ఉన్నాయి. ముందు చెక్క చీలకుండా అడ్డంగా బిగించిన స్క్రూ కూడా ఇషాపూర్ పనితనమే. అంటే ఒళ్లు బర్మింగ్‌హామ్‌ది, గొట్టం హుగ్లీ ఒడ్డుది. ఆఖరున డీపీ (డ్రిల్ పర్పస్, అంటే కవాతుకే) అని కొట్టి, గొట్టానికి చిల్లు పెట్టి, కవాతు నేర్పడానికి పంపేశారు. నా మటుకు నాకు పాత బోర్డు కన్నా ఈ కథే నచ్చింది.

ఈ మాట సభలో తెలియడం బాగుండదని ఆ కుటుంబానికి ముందే ఇంటికెళ్లి చెప్పాం. టెన్షన్‌గానే వెళ్లాం. పెద్దావిడ అంతా విని, “అయితే మా తాత కూట్‌లో లేడంటారా నాయనా?” అన్నారు. అది కాదమ్మా, ఆయన చేతిలో ఉన్నది ఈ తుపాకి కాదు, అంతే అన్నాం. పల్టన్ పేరు దొరికితే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని యుద్ధ డైరీల్లో వెతకొచ్చు. ఆ పల్టన్ ఏ రోజు ఎక్కడుందో వాటిలో రాస్తారు, తుపాకి నంబర్లు రాయరు.

ఆవిడ లోపలికెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఒక మెడల్ తెచ్చారు. ఆ యుద్ధం మెడల్స్ అంచు మీద సిపాయి నంబరు, పేరు, పల్టన్ కొట్టి ఉంటాయి. చిలుము పట్టి అక్షరాలు కనిపించలేదు. ఈసారి గరుకు కాగితం ఎవరూ తేవద్దని మనవి.

పాత బోర్డు తీసేశాం. కొత్త బోర్డు మాటలు ఈ సభ ఆమోదానికి పెడుతున్నాం.