రెండు వేర్వేరు 650లను ఒకే గాటన కట్టి అమ్మారు: అడ్వాన్స్ వాపసు కోసం ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
ప్రధాన కార్యాలయం.

విషయం: బరువు గురించి తప్పుదారి పట్టించిన బ్రోషర్, అరకొర టెస్ట్ రైడ్, తిరిగివ్వని బుకింగ్ అడ్వాన్స్ గురించి.

అయ్యా,

మీ డీలర్ దగ్గర బుక్ చేసిన నాలుగు సిలిండర్ల 650 సీసీ బైక్‌ను డెలివరీ రోజున తీసుకోకుండా వచ్చేశాను. అడ్వాన్స్ వాపసు ఇవ్వమంటే, "కస్టమర్ మనసు మార్చుకుంటే డబ్బు తిరిగి రాదు" అని మెయిల్ పంపారు. నేను మనసు మార్చుకోలేదు. నాకు చెప్పిన బండి ఒకటి, తాళాలు చేతిలో పెట్టిన బండి ఇంకొకటి. డీలర్‌తో మాట్లాడి మాట్లాడి లాభం లేక నేరుగా మీకే రాస్తున్నాను.

కొన్నేళ్లుగా 160 సీసీ బండి నడుపుతున్నాను. నడపడం నేర్చుకున్నదే దాని మీద. కానీ హైవేలో లారీని దాటాలంటే దానికి దమ్ము చాలదు, వెనక మనిషి కూర్చుంటే ఎత్తు ఎక్కడానికి గేరు మీద గేరు తగ్గించాలి. అందుకే పెద్ద బండికి మారదామనుకున్నాను. ముందుగా చదువుకుని, నలుగురినీ అడిగి, మీ రెండు సిలిండర్ల 650 కొనాలని నిర్ణయించుకునే షోరూమ్‌కి వెళ్లాను.

అక్కడ సేల్స్ అబ్బాయి నన్ను పక్కనున్న నాలుగు సిలిండర్ల బండి వైపు తిప్పాడు. "రెండూ 650యే కదా సార్, ధరలో కొంచెమే తేడా, పవర్ చూస్తే ఎంతో ఎక్కువ. చిన్నది తీసుకుంటే ఆరు నెలల్లో బోర్ కొడుతుంది" అన్నాడు. మేనేజర్ వచ్చి అదే మాట చెప్పారు. కొత్తగా పెద్ద బండికి మారేవాళ్లందరికీ చెప్పే మాటే అది. మీ సంస్థ ఆపాల్సింది కూడా ముందు ఆ మాటనే.

సీసీ ఒకటే అయినంత మాత్రాన బండి ఒకటి కాదు. మీ రెండు సిలిండర్ల ఇంజన్ 8,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 68 బీహెచ్‌పీ పవర్ ఇస్తుంది. నాలుగు సిలిండర్లది 12,000 దగ్గర 95 ఇస్తుంది. మొదటిది మూడు నాలుగు వేల ఆర్పీఎంలోనే లాగుతుంది, ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోవడానికి అది చాలు. రెండోది కింద సాధువుగా ఉండి, ఏడెనిమిది వేలు దాటాక ఒక్కసారిగా ఎగబడుతుంది. చిన్న బండి నడిపేవాళ్లకు యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పడం రోజూ ఉన్న అలవాటు. ఆ బండి అలా తిప్పితేనే కదులుతుంది. అదే మణికట్టు, అదే అలవాటుతో 95 బీహెచ్‌పీ బండి ఎక్కితే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు నేను చెప్పక్కర్లేదు. స్పీడ్ రెట్టింపైతే బ్రేక్ వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. మీ సేల్స్ వాళ్ల నోట ఆగడం గురించి ఒక్క మాట రాలేదు.

సీసీ చూసి బండి ఎంచుకోకూడదని చట్టాలు రాసేవాళ్లు ఎప్పుడో గుర్తించారు. యూరప్‌లో ఏ2 అనే మధ్యస్థాయి లైసెన్స్‌తో నడిపే బైక్ 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 బీహెచ్‌పీ దాటకూడదు. బరువులో కిలోకి 0.2 కిలోవాట్ మించకూడదు. ఆస్ట్రేలియాలో కొత్తవాళ్లకు 660 సీసీ దాకా అనుమతి ఉంది కానీ, రైడర్‌ను కూడా కలుపుకుని టన్ను బరువుకి 150 కిలోవాట్లే పరిమితి. రెండు చోట్లా పవర్‌ను బరువుతో కలిపి చూస్తారు. మీ షోరూమ్‌లో మాత్రం కొత్తగా మారేవాళ్లకు 95 బీహెచ్‌పీ బండిని "నెక్స్ట్ స్టెప్" అని అంటగడుతున్నారు.

ఇక బరువు. నా అసలు ఫిర్యాదు ఇదే. బ్రోషర్ మొదటి పేజీలో "188 కిలోలు" అని పెద్దగా వేశారు. అది డ్రై వెయిట్ (పెట్రోల్, ఆయిల్ లాంటివి లేకుండా తూచిన బరువు) అనే ముక్క చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఓనర్ మాన్యువల్‌లో కెర్బ్ వెయిట్, అంటే అన్నీ నింపి నడపడానికి సిద్ధంగా ఉన్న బండి బరువు, 209 కిలోలు. ఆ మాన్యువల్ డెలివరీ రోజున గానీ చేతికి రాదు. 17 లీటర్ల పెట్రోల్ ఒక్కటే దాదాపు 13 కిలోలు. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీ కలిపితే మిగతా తేడా తేలిపోతుంది. పెట్రోల్ ట్యాంక్ పైన ఉంటుంది కాబట్టి బండి ఒరిగినప్పుడు ఆ 13 కిలోలు ఇంకా బరువుగా తెలుస్తాయి. నా పాత బండి 140 కిలోలు. దాని నుంచి 209కి పోవడమంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పెట్రోల్, ఆయిల్ లేని బండిని రోడ్డు మీద నడిపేవాళ్లు ఎవరు? అలాంటప్పుడు ఆ అంకె కొనేవాడికి ఎందుకు?

టెస్ట్ రైడ్‌లోనైనా బరువు తెలిసేది. కానీ నాకిచ్చిన డెమో బండిలో ఫ్యూయల్ లైట్ వెలుగుతూనే ఉంది. షోరూమ్ ముందున్న తిన్నని రోడ్డు మీద వెళ్లి రమ్మన్నారు. యూటర్న్ చేసి చూస్తానంటే "వద్దు సార్, రౌండు తిరిగి వచ్చేయండి" అన్నారు. తిన్నగా పోతే ఏ బండైనా తేలిగ్గానే ఉంటుంది. చిన్న బండి నుంచి మారేవాడు చూసుకోవాల్సింది నిదానంగా చేసే పనులు. ఇరుకు రోడ్డులో యూటర్న్, పార్కింగ్‌లోంచి కాళ్లతో వెనక్కి నెట్టడం, ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడం, ట్రాఫిక్‌లో ఇంజన్ వేడి కాళ్లకు ఎంత తగులుతుందన్నది. వీటిలో ఒక్కటీ చూడనివ్వకుండానే బుకింగ్ రాయించుకున్నారు.

డెలివరీ రోజున ట్యాంక్ నిండా పెట్రోల్ పోశారు. షోరూమ్ ర్యాంప్ దిగుతుంటే అడ్డంగా కారు వచ్చింది, ఆగాను. కాలు దింపితే మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. సీటు ఎత్తు 810 మిల్లీమీటర్లు, నా పాత బండిది 800. అంకెల్లో చూస్తే తేడా లేనట్టే. కానీ ఈ సీటు వెడల్పు, తొడలు పక్కలకు తెరుచుకోవడంతో కాలు అందదు. బండి ఎడమకు వాలడం మొదలైంది, నా వల్ల ఆగలేదు. బండిని సిద్ధం చేసిన మెకానిక్ పరుగున వచ్చి వెనక హ్యాండిల్ పట్టుకోబట్టి సరిపోయింది. "ఫుల్ ట్యాంక్ సార్, రెండు వందల కిలోల పైనే ఉంటుంది" అన్నాడు. ఆ షోరూమ్‌లో నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే. అక్కడే తాళాలు తిరిగిచ్చేశాను.

అదే అడ్వాన్స్‌ను రెండు సిలిండర్ల బండికి మార్చమని అడిగాను. ఆ మోడల్ స్టాక్ లేదట, కావాలంటే కొత్తగా డబ్బు కట్టి బుక్ చేసుకోవాలట. నన్ను మొదటి రోజు అటు ఎందుకు తిప్పారో అప్పుడు అర్థమైంది.

నా అడ్వాన్స్ మొత్తాన్ని ఏ కోతా లేకుండా ఈ లేఖ అందిన 15 రోజుల్లో వాపసు ఇప్పించండి, లేదా నేను మొదట అడిగిన బండికి మార్పించండి. బ్రోషర్‌లో డ్రై వెయిట్ తీసేసి కెర్బ్ వెయిట్ వేయండి, సీటు ఎత్తు పక్కన సీటు వెడల్పు కూడా ఇవ్వండి. డెమో బండిలో సగం ట్యాంకైనా పెట్రోల్ ఉంచి, యూటర్న్, ట్రాఫిక్ ఉన్న రూట్‌లో టెస్ట్ రైడ్ ఇవ్వమని డీలర్లకు రాతపూర్వకంగా ఆదేశించండి. పెద్ద బండి కావాలని వచ్చినవాడిని, ఇప్పుడు ఏ బండి నడుపుతున్నావని అడగడం మీ సేల్స్ వాళ్లకు నేర్పండి. ఆ షోరూమ్‌లో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల కోర్టులో ఫిర్యాదు చేస్తాను. బుకింగ్ రసీదు, బ్రోషర్ మొదటి, చివరి పేజీల ఫోటోలు, మాన్యువల్‌లో బరువు ఉన్న పేజీ, డీలర్ పంపిన మెయిల్ కాపీ దీనికి జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్