అడవి బాటలో మా అమ్మకు తోడొచ్చిన ఆ ముగ్గురికి

మీ పేర్లు అడగలేదు. ఆ కంగారులో అడగాలని తోచలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఎవరి ద్వారానైనా మీకు చేరితే చాలు.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ, మావారు, ఆరేళ్ల మా బాబు, నేను అడవిలో నడకకు వెళ్లాం. మూడు కిలోమీటర్ల చుట్టుబాట, పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది. అమ్మకు అరవై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులున్నా చెట్ల నీడన నడవడమంటే ఆవిడకు ప్రాణం. రెండు కిలోమీటర్లు హాయిగా నడిచాం. ముందురోజు వాన పడినట్టుంది, బాటకు అడ్డంగా పాకిన ఒక వేరు మీద తడి ఆకులు పరుచుకుని ఉన్నాయి. అమ్మ సరిగ్గా దాని మీదే కాలేసింది. పాదం లోపలికి మడతపడి కూలబడిపోయింది.

నేను చంకల కింద చేతులేసి లేపబోయాను. "ఆగమ్మా, లేపకు. కాసేపు అలాగే కూర్చోనివ్వు" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

బాబాయిగారూ, ఆ మాట అన్నది మీరు. ఆ క్షణంలో నాకున్న టెన్షన్‌కి, అంత నెమ్మదైన గొంతు వినపడటమే సగం ధైర్యం. మీరూ ఆ తడినేల మీదే కూర్చున్నారు. ముందు కాలి సంగతి ఎత్తలేదు. తలకేమైనా తగిలిందా, కళ్లు తిరుగుతున్నాయా, ఇంకెక్కడైనా నొప్పి ఉందా అని అమ్మనే అడిగారు. తర్వాత మేజోడు కిందికి జరిపి, చీలమండకు అటూఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు వెంబడి ఒక్క వేలితో నొక్కుతూ వచ్చారు. "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అక్కడ కాదు, ముందువైపు మెత్తటి చోట అంది అమ్మ. నేను బూటు విప్పబోతే వద్దన్నారు. విప్పితే వాపొచ్చి మళ్లీ పట్టదు, నడవాల్సింది ఇంకా ఉందని. కాసేపు ఆగాక, ఎవరూ పట్టుకోకుండా నాలుగడుగులు వేయించి చూశారు. కుంటుతూనే అయినా వేసింది. అప్పుడు మీ సంచిలోంచి క్రేప్ బ్యాండేజ్ తీసి, బూటు పైనుంచే పాదం కిందుగా, చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి కట్టారు.

మర్నాడు డాక్టరమ్మ కూడా అచ్చం అలాగే నొక్కి చూశారు. ఎముక విరిగి ఉండొచ్చా, ఎక్స్‌రే అవసరమా అని తేల్చుకునే ఆ పరీక్షను ఒట్టావా యాంకిల్ రూల్స్ అంటారట, 1992లో కెనడా డాక్టర్లు ప్రచురించారట. వయసును బట్టి ఎక్స్‌రే కూడా తీయించారు. ఎముక విరగలేదు, చీలమండ బెణికిందంతే. లేపకుండా ఆపిన ఆయనెవరో మంచి పని చేశారన్నారు. మీకు ఈ మాట చెప్పాలని అప్పటినుంచీ నా మనసులో ఉంది.

మీ వెనకే వచ్చిన తమ్ముడూ, చెల్లీ, మీ సంగతీ చెప్పాలి. తమ్ముడు చెట్ల మధ్య ఖాళీలోకి వెళ్లి, చేయి చాచి సూర్యుడికీ నేల అంచుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. ఒక్కో వేలికి సుమారు పావుగంట లెక్కట. నాలుగు వేళ్లు పట్టాయి. "గంట ఉంది అక్కా, కానీ చెట్ల కింద ముందే మసకపడుతుంది, బయల్దేరదాం" అన్నాడు. మా దగ్గర టార్చి కూడా లేదు. బాట బాగున్నచోట అమ్మ మా భుజాల ఆసరాతో నడిచింది. వేర్లు ఎక్కువున్న చోట మావారికి చేతులతో కుర్చీ కట్టడం నేర్పాడు. ఎవరి ఎడమ మణికట్టును వాళ్లే కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో ఎదుటివాళ్ల కుడి మణికట్టు పట్టుకోవాలి. నాలుగు చేతులూ కలిసి చదరంగా, గట్టిగా పీటలా తయారయ్యాయి. అమ్మ ఇద్దరి భుజాల మీదా చేతులేసి కూర్చుంది. నేను పడిపోతానేమోనని భయపడుతుంటే, ఆవిడ మాత్రం చిన్నపిల్లలా నవ్వింది.

చెల్లీ, మా బాబు అమ్మమ్మను చూసి ఏడుస్తుంటే నువ్వు వాడికి ఏడవొద్దని చెప్పలేదు. ఒక పని అప్పగించావు. చెట్ల మీద బాట చూపే రంగు గుర్తులు ఎక్కడున్నాయో ముందే చూసి అందరికీ చెప్పమన్నావు. నీ మెడలోని విజిల్ వాడి మెడలో వేసి, సాయం కావాలంటే మూడుసార్లు ఊదాలి, ఆగి మళ్లీ మూడుసార్లు ఊదాలి, ఉన్నచోటునుంచి కదలకూడదు అని నేర్పావు. పదకొండు గుర్తులు కనిపెట్టాడు. ఇప్పటికీ అడిగినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు, పడిపోయిన సంగతి కాదు.

బయటికొచ్చేసరికి వెలుతురు ఇంకా కాస్త మిగిలే ఉంది. అమ్మను కారెక్కించి వెనక్కి తిరిగేలోపే మీరు ముగ్గురూ బయల్దేరిపోయారు.

అమ్మ వాపు తగ్గింది, ఇంట్లో మామూలుగా తిరుగుతోంది. బాబాయిగారూ, మీ బ్యాండేజ్ ఉతికి, ఆరబెట్టి, చుట్టి తన దగ్గరే పెట్టుకుంది. ఆయన చేతికే ఇస్తానంటోంది. విజిల్ కూడా మా దగ్గరే ఉండిపోయింది. వచ్చే ఆదివారం పొద్దున్నే అదే బాటకు వస్తున్నాం, మొదటి మలుపు దాకా మాత్రమే. కనిపిస్తే ఆగండి.