బుజ్జమ్మకు, ఆ 1,800 గురించి

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అమ్మ, తమ్ముడు, నేను క్షేమం. నీ హాస్టల్లో నీళ్ల ఇబ్బంది తీరిందనుకుంటాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పే స్లిప్ చూశాను. మొదటి జీతం వచ్చిందన్న సంతోషం కన్నా అందులో పీఎఫ్ (భవిష్య నిధి) కింద 1,800 కోశారన్న కోపమే నీ మెసేజ్‌లో ఎక్కువ కనబడింది. కంపెనీ మారినప్పుడు ఆ పీఎఫ్ డబ్బంతా తీసేసుకోవచ్చని పక్క సీటు అమ్మాయి చెప్పిందన్నావు. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

నీ బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం, 15,000. దాంట్లో 12 శాతం 1,800. నీ దగ్గర ఎంత కోశారో కంపెనీ కూడా అంత వెయ్యాలి. వాళ్ల 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకి పోతుంది, మిగతా 550 నీ పీఎఫ్‌లో పడుతుంది. ఇంకో సంగతి మీ హెచ్‌ఆర్ వాళ్లు చెప్పి ఉండరు. 2014 సెప్టెంబర్ తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరేవాళ్ల జీతం 15,000 దాటితే ఈ పెన్షన్ స్కీమ్‌లోకి రానివ్వరు. నువ్వు సరిగ్గా గీత మీద ఉన్నావు. ఇప్పుడు నీకొచ్చింది, పోగొట్టుకోకు.

పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఒక్క కంపెనీలోనే చెయ్యక్కర్లేదు, అన్నీ కలుపుతారు. కానీ కంపెనీ మారినప్పుడల్లా మొత్తం తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో చెల్లు, మళ్లీ మొదటి నుంచి లెక్క. మా మిల్లులో ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, చాలా పనిమంతుడు. ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులకు కొదవ లేదు కదా, ఎవరు వంద ఎక్కువిస్తామంటే వాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. వెళ్లిన ప్రతిసారీ పీఎఫ్ తీసి ఒకసారి బండి, ఒకసారి టీవీ కొన్నాడు. 58 నిండేసరికి చూస్తే మిగిలిన సర్వీసు పదేళ్లు లేదు. జీవితమంతా పని చేసినవాడికి నెలకు రూపాయి రాదు. ఇప్పుడు ఒక లాడ్జిలో రాత్రి కాపలాకి పోతున్నాడు.

నా పెన్షన్ గొప్పగా వస్తుందని అనుకోకు. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఎంత జీతమున్నా లెక్కకు తీసుకునేది 15,000 వరకే, 2014 ముందు సర్వీసుకైతే 6,500 వరకే. ఇరవై ఏళ్లు దాటినందుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. అంతా కలిపినా నాకు ఐదారు వేలు దాటదు. నేను పోయాక అమ్మకు అందులో సగం. తక్కువే, తెలుసు. కానీ అది ఎవరినీ అడిగి తీసుకునే డబ్బు కాదు.

నా జీతంతో ఇల్లు ఎలా నడిపారని మొన్న అడిగావు. నేను నడిపింది తక్కువ, మీ అమ్మ నడిపింది ఎక్కువ. ఫిట్టర్ పనికి పత్తి సీజన్లోనే నాలుగు డబ్బులు. దసరా దాటాక మిషన్లు మొదలైతే ఓటీలు (ఓవర్‌టైమ్) పడతాయి, రాత్రిళ్లు కూడా రోలర్లు మార్చాల్సి వస్తుంది. ఎండలు ముదిరాక మిల్లు ఆగుతుంది. రోజు కూలీలు ఎవరి ఊరికి వాళ్లు పోతారు. మాలాంటివాళ్లం మిషన్లు విప్పి, కత్తులు సరిచేసి, మళ్లీ బిగిస్తూ ఉంటాం. అప్పుడు ఉత్త జీతమే. మీ ఫీజులేమో సరిగ్గా జూన్లో. ఓటీ లేని నెలలోనే ఫీజు కట్టమనడం ఏం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు. అందుకే అమ్మ చీటీ ఎప్పుడూ మేలోనే పాడేది. చివరిదాకా ఆగితే లాభమని అందరికీ తెలుసు, అమ్మకూ తెలుసు. అయినా ఏటా ఆ నష్టం కట్టుకుని పాడేది. కిరాణా ఖాతా ఏ నెలా పూర్తిగా తీర్చలేదు, సగం కట్టి సగం రాయించుకునేవాళ్లం. షాపాయన ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు, అది మన అదృష్టం.

నువ్వు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ట్యూషన్ ఫీజు ప్రభుత్వం ఇచ్చింది, హాస్టల్ ఎవరిస్తారు? అప్పుడు పీఎఫ్ నుంచి తీశాను. ఏడేళ్లు సభ్యుడిగా ఉన్నవాళ్లు పిల్లల పైచదువులకు తమ వాటాలో సగం దాకా తీసుకోవచ్చని అప్పటి రూలు. తిరిగి కట్టే పని లేదు. అది లేకపోతే వడ్డీకి తెచ్చేవాణ్ణి, దాని సంగతి మీ పెదనాన్న ఇంట్లో చూశావు కదా. కాబట్టి ఎప్పుడూ తీయకూడదని నేననను. పనికొచ్చే చోట తియ్యి. కంపెనీ మారావని మాత్రం తీయకు, ట్రాన్స్‌ఫర్ పెట్టు. మా రోజుల్లో మిల్లు మారితే కొత్త పీఎఫ్ నంబర్, ఫారం పట్టుకుని తిరగాలి. ఇప్పుడు మీకు ఎన్ని కంపెనీలు మారినా ఒకటే పీఎఫ్ నంబర్ (యూఏఎన్), ఫోన్లోనే అయిపోతుంది.

పాస్‌బుక్ నెలకోసారి చూడు. ఇది బద్ధకించకు. నేను మొదట చేసిన మిల్లులో మా దగ్గర కోశారు కానీ కొన్ని నెలలు జమ చెయ్యలేదు. అడిగితే వస్తుందిలే అన్నారు. అందరం సంతకాలు పెట్టి పీఎఫ్ ఆఫీసుకు రాస్తే తప్ప కదల్లేదు. స్లిప్పులో కోత కనబడినంత మాత్రాన ఖాతాలో పడినట్టు కాదు.

నా స్లిప్పులో ఉన్నట్టు నీకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత లేదేమని అడిగావు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే అది. మాకు 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 కడతాడు. రోలర్ సందులో నా వేలు నలిగినప్పుడు గుర్తుందా, ఇంట్లో కూర్చున్న రోజులకి 90 శాతం జీతం ఇచ్చింది ఈఎస్ఐయే. క్యూలు ఎక్కువ, మందులు ఒక్కోసారి ఉండవు, అయినా నేను దాన్ని తిట్టను. నీకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది. అందులో తల్లిదండ్రుల్ని చేర్చే వీలుంటే అమ్మ పేరు పెట్టు. ఉద్యోగం దిగాక నా కార్డు ఇప్పటిలా నడవదు.

ఈ ఆదివారం రెండు పనులు చెయ్యి. పీఎఫ్ సైట్‌లో నామినీగా అమ్మ పేరు ఎక్కించు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ వెయ్యాలి. పెళ్లి మాటెత్తానని అలగకు, రూలు చెబుతున్నా అంతే. రెండోది, నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. కంపెనీ వాళ్లు ఏది చూసి పీఎఫ్‌లో ఎక్కించారో కనుక్కో. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు, తర్వాతైతే తిప్పుతారు. నీ మెమో ఒరిజినల్ బీరువాలోనే ఉంది. కావాలంటే ఫోటో తీసి పంపమని తమ్ముడికి చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న