దామరవాయి అడవిలో మమ్మల్ని ఆదుకున్న పెద్దాయనకు, అవ్వకు

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోంచి మా తమ్ముడిని భుజాల మీద మోసుకొచ్చిన కోయ కుటుంబానికి హనుమకొండ నుంచి మా ఇంటిల్లిపాది దండాలు. ఈ పోస్టు చూసే ఫోన్ వాళ్ళ దగ్గర లేదు. ఆ గూడెం బడిలో పనిచేసే సార్ చదివి వినిపిస్తానన్నారు, అందుకే రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని పెద్దాయనే అన్నాడు, పెట్టడం లేదు.

మార్చి చివరి శనివారం నేను, తమ్ముడు, వాడి దోస్తు కలిసి తాడ్వాయి మండలం దామరవాయి గుట్టల మీది రాకాసి గుళ్ళు చూడబోయాం. చుట్టూ బండ పలకలు నిలబెట్టి, పైన పెద్ద రాతి పలక కప్పి, లోపల రాతి తొట్టి పెట్టిన సమాధులవి. వేల ఏళ్ళ కిందటివి. ఒకటి చూస్తుంటే అవతల ఇంకోటి కనబడుతుంది. అలా చూసుకుంటూ గుట్ట దిగి అవతలి వైపు చాలా దూరం పోయాం. ఊళ్ళోంచి ఒక మనిషిని వెంట తీసుకుపోవాల్సింది, తీసుకుపోలేదు. తప్పు మాదే.

ఆ నెలలో అడవి ఆకు రాలుస్తుంది. మడమలు మునిగేంత టేకాకులు. ఏది బాటో ఏది కాదో తెలియదు. పొద్దున నడిచి వచ్చిన తోవ సాయంత్రానికి మాకు దొరకనే లేదు. ఎండిన వాగులోకి దిగుతుంటే ఆకుల కింద రాయి దొర్లి తమ్ముడి కాలు మెలిపడింది. "అక్కా, కాలు ఆనట్లేదే" అని అక్కడే కూలబడ్డాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. నీళ్ళు చీకటి పడకముందే అయిపోయాయి. కాస్త ఎడంగా ఒక పెద్ద చెట్టు, దాని కింద ఊడ్చి పెట్టినట్టు శుభ్రంగా ఉన్న నేల కనిపించాయి. వాణ్ణి మెల్లగా అక్కడికి చేర్చి రాత్రికి ఉండిపోయాం. రాత్రంతా మీద టప్ టప్‌మని ఏవో పడుతూనే ఉన్నాయి, మత్తుగా తియ్యటి వాసన. ఆ టెన్షన్‌లో అవేమిటో చూసే ధ్యాస కూడా లేదు.

తెల్లవారుజామున టార్చిలైటు వెలుగు పడింది. "ఎవలది?" అని ఒక గొంతు. దగ్గరికొచ్చి మమ్మల్ని చూసి పెద్దాయన తల పట్టుకున్నాడు. "ఇప్పచెట్టు కింద పండుకున్నరా బిడ్డా! ఎలుగు వచ్చే జాగ ఇది." ఇప్పపువ్వు అంటే ఎలుగుబంటికి ప్రాణమట. రాత్రి రాలిన పువ్వు తినడానికి వస్తుంది. కింద నేల శుభ్రంగా ఉన్నది కూడా పువ్వు ఏరుకోవడానికి ఆ కుటుంబం వాళ్ళే ఆకులు ఊడ్చి పెట్టుకున్నందుకు.

అవ్వ ముందు మా ముఖాలు చూసింది, తర్వాత మా ఖాళీ సీసాలు చూసింది. ఏమీ అడగలేదు. వాగులోకి దిగి, ఒక చోట ఇసుక తడిమి, రెండు చేతులతో చెలిమె తీయడం మొదలుపెట్టింది. మోచేతుల లోతుకు పోయేసరికి నీళ్ళు ఊరాయి. మొదట ఊరిన మడ్డి నీళ్ళు తోడి పారబోసింది. మళ్ళీ ఊరితే మళ్ళీ తోడింది. మూడోసారి తేటగా వచ్చాక సొరబుర్రలో ముంచి తమ్ముడికి పట్టింది. ముందు రోజు మేము తొక్కుకుంటూ తిరిగిన వాగే అది. మా కాళ్ళ కిందే నీళ్ళున్నాయని మాకు తెలియదు.

వెదురు బద్దలు చీల్చి, తువ్వాలతో కాలికి కట్టు కట్టారు. రెండు కర్రలకు దుప్పటి కట్టి, పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు, మా వాడి దోస్తు మార్చుకుంటూ రోడ్డు దాకా మోశారు. నొప్పి తెలియకుండా పెద్దాయన దారంతా తమ్ముడికి ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. 2024 ఆగస్టు 31 నాటి గాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు వేళ్ళతో సహా కూలడం, ఆ గాలి ఊళ్ళ మీదికి రాకుండా సమ్మక్క సారలమ్మ తల్లులు ఆపారన్న తమ నమ్మకం, అన్నీ చెప్పాడు.

రోడ్డు మీద మా కోసం ఆటో ఆపిన డ్రైవరుకు, ములుగు ఆసుపత్రిలో వెంటనే ఎక్స్‌రే తీసి కట్టు వేసిన డాక్టరు గారికి, సిస్టర్లకు కూడా మా కృతజ్ఞతలు. చిన్న ఎముక చిట్లింది, ఆరు వారాలు రెస్టు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇప్పపువ్వు రాలేది ఏడాదిలో కొన్ని వారాలే. పొద్దెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువుల పాలవుతుంది. ఎండబెట్టి అమ్ముకుంటే ఆ ఇంటికి నాలుగు పైసలు వచ్చేది అప్పుడే. ఆ పూట వాళ్ళ గంపలు ఖాళీగా చెట్టు కిందే ఉండిపోయాయి. డబ్బులు ఇవ్వబోతే అవ్వ నా చెయ్యి నెట్టేసింది. "ఆపతికి పైసలు తీసుకుంటరా బిడ్డా?" అంది. వరంగల్ నుంచి అటు ట్రెక్కింగ్‌కు పోయేవాళ్ళను నేను వేడుకునేది ఇదే: అటవీశాఖ వాళ్ళకు చెప్పి పోండి, ఆ ఊరి మనిషిని వెంట తీసుకుని ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. మాకు దారి చూపినందుకు కూలి దక్కాల్సింది పోయి, ఆ రోజు వాళ్ళకు నష్టమే మిగిలింది.

అవ్వా, దారిలో తాగమని నువ్వు ఇచ్చిన సొరబుర్ర మా ఇంట్లో వంటింటి గోడకు వేలాడుతోంది. తమ్ముడికి కట్టు విప్పగానే వాడే నడిచొచ్చి నీ చేతికిస్తాడు.