లింగ గుర్తింపుపై చర్చ ఫ్రాయిడ్ దగ్గరే ఆగరాదు

సంపాదకులకు నమస్కారం.

తాను ఆడా, మగా అన్న ఎరుక పసిపిల్లల్లో ఎలా ఏర్పడుతుందో వివరించే వ్యాసాలు తరచూ మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ఈడిపస్ సిద్ధాంతంతోనే (సుమారు మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరిపై మమకారం, మరొకరిపై పోటీభావం కలుగుతాయన్న వాదనతోనే) ముగిసిపోవడం విచారకరం. 1909లో ఆయన ప్రచురించిన 'లిటిల్ హాన్స్' వృత్తాంతంలో, మూడున్నరేళ్ల వియన్నా బాలుడు పసికందైన చెల్లెలికి స్నానం చేయిస్తుండగా చూసి, ఆమెకూ తనకున్న అవయవమే ఉందని, పెద్దయ్యాక అదీ పెరుగుతుందని అనుకుంటాడు. ఇలాంటి పరిశీలనల ఆధారంగా ఫ్రాయిడ్ ఆడపిల్ల మనసును ఆ అవయవం లేదన్న ఒక లోటు చుట్టూ నిర్మించారు. మగపిల్లవాడి ఊహను ఆడపిల్ల అనుభవంగా చదవడం అన్యాయమే. అది పురుషుల దృష్టి అని జర్మన్ మనోవిశ్లేషకురాలు కేరెన్ హోర్నై 1920లలోనే ఆక్షేపించారు.

అమెరికా మనోవిశ్లేషకుడు రాబర్ట్ స్టోలర్ 1968లో, మౌలిక లింగ గుర్తింపు, అంటే తాను ఆడా, మగా అన్న తొలి ఎరుక, ఈడిపస్ దశకు ముందే, రెండు మూడేళ్ల వయసుకే కుదురుకుంటుందని, అందులో శరీరంతో పాటు తల్లిదండ్రుల నమ్మకానికీ పెంపకానికీ పెద్ద పాత్ర ఉందని వాదించారు. విలువైన మాటే. అయితే కొందరు మగపిల్లల్లోని స్త్రీ స్వభావానికి తల్లితో అతి సాన్నిహిత్యమే కారణమన్న ఆయన వివరణ తల్లులను దోషులుగా నిలబెట్టింది. ఇప్పటికే ఆందోళనలో ఉన్న తల్లిదండ్రులకు దాన్ని రుజువైన శాస్త్రంగా అందించవద్దని మీ పత్రికను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్