ఆప్షన్లు పెట్టే ముందు ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి

సంపాదకులకు నమస్కారం.

ప్రవేశ పరీక్షల ర్యాంకులు వచ్చాయంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, పోయినేడు ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చింది, ప్యాకేజీలు ఎలా ఉన్నాయి. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు, తుని వైపు నుంచి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు విశాఖ అంటే ఒక భరోసా. అందులో తప్పేమీ లేదు. అయితే పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎన్నింటికి లేవాలి, ఏ నీళ్ళు తాగుతుంది, చీకటి పడ్డాక గదికి ఎలా చేరుతుంది అన్న ఆలోచన సీటు వచ్చాకే మొదలవుతోంది. అప్పటికి కౌన్సెలింగ్‌లో పెట్టిన కాలేజీల వరుస, అంటే ఆప్షన్లు, మార్చలేకుండా ఫ్రీజ్ అయిపోయి ఉంటాయి.

మొదట చెప్పాల్సింది, చిరునామాలో విశాఖపట్నం అని ఉన్నవన్నీ ఒకే ఊళ్ళో లేవు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో, నగరం నడిబొడ్డున ఉంది. ప్రధాన బస్టాండైన ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాలు. గీతం విశ్వవిద్యాలయం రుషికొండ దగ్గర. గాయత్రి విద్యా పరిషత్ ఇంజనీరింగ్ కళాశాల మధురవాడ వైపు. ఏయూ ఆవరణలోనే తరగతులు మొదలుపెట్టిన ఐఐఎం ఇప్పుడు ఆనందపురం దగ్గర గంభీరంలో ఉంది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, మారిటైమ్ యూనివర్సిటీ, పెట్రోలియం చదువుల ఐఐపీఈ శాశ్వత ఆవరణ మూడూ సబ్బవరం వైపు. 2022లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. సంగివలస, దాకమర్రి కాలేజీలకైతే కాంప్లెక్స్ కంటే తగరపువలసే దగ్గర.

ఈ ఊరు కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని పొడుగ్గా సాగింది. అందుకే హైదరాబాదులోలా ఒక దారి ఆగితే ఇంకో నాలుగు దారులు దొరకవు. ఉత్తరం వైపు వెళ్ళాలంటే ఎక్కువమందికి జాతీయ రహదారి, లేదంటే బీచ్ రోడ్డు. హనుమంతవాక దగ్గర వాహనాలు ఆగిపోతే వెనక మద్దిలపాలెం దాకా ఆగాల్సిందే. మ్యాపులో అర్ధరాత్రి చూపించే నిమిషాల్ని నమ్మి ఇల్లు తీసుకున్నవాళ్ళు జూలైలో చేరి సెప్టెంబరుకల్లా గది మారుతుంటారు.

ఒక లెక్క వేద్దాం. గాజువాకలో ఇల్లు, రుషికొండ వైపు కాలేజీ. దాదాపు పాతిక కిలోమీటర్లు. బస్సు కోసం నిలబడటం, మధ్యలో మారటం, దిగాక నడవటం కలిపితే ఒక్కో వైపు గంటన్నర. రోజుకు మూడు గంటలు. సెమిస్టరుకు 90 పనిదినాలంటే 270 గంటలు. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు తరగతి గదిలో చెప్పేది సుమారు 45 గంటలు. అంటే ఆరు సబ్జెక్టుల తరగతులకు సరిపడా కాలం రోడ్డు మీదే పోతోంది. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన దీనికి తోడు. తొంభై రోజుల్లో ఇరవై రెండు రోజులకు మించి మానకూడదు. రోజూ ఎనిమిదిన్నరకు మొదటి పీరియడ్ అందుకోలేని పిల్లవాడికి ఆ ఒక్క సబ్జెక్టులోనే హాజరు తగ్గి పరీక్ష దగ్గర చిక్కు వస్తుంది. వాడు బద్ధకస్తుడేం కాదు, ఎన్‌ఏడీ కూడలి దగ్గర బస్సులో నిలబడి ఉంటాడు.

అందుకే నా సలహా ఇది. రెండు కాలేజీల మధ్య తేడా కొంచెమే అయితే దగ్గరున్నదాన్ని పైన పెట్టండి. దూరపుది నిజంగా మెరుగైతే అందులోనే చేర్చండి, కానీ గది కూడా అక్కడే చూడండి. ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచి రోజూ తిప్పడం వల్ల మిగిలేది అద్దె ఒక్కటే.

బస్సుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 900కె తీరం వెంట రుషికొండ మీదుగా భీమిలి వెళ్తుంది. 222 నంబరు బస్సు హైవే మీదుగా తగరపువలస వెళ్తుంది. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఛార్జీ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు చూపిస్తే చాలు. ఏసీ బస్సులకు వర్తించదు. కాబట్టి కాలేజీ బస్సు ఫీజు కట్టే ముందు ఆర్టీసీ బస్సు గేటు దాకా వస్తుందో, కిలోమీటరు ముందే దించుతుందో చూసుకోండి. కాలేజీ బస్సుకు ఇంకో ఇబ్బంది ఉంది. తరగతులు అవ్వగానే అన్నీ ఒకేసారి బయల్దేరతాయి. ల్యాబ్ ఆలస్యమైనా, ప్లేస్‌మెంట్ శిక్షణ ఆరున్నర దాకా సాగినా మనకోసం ఆగవు. అప్పుడు దిక్కు షేర్ ఆటో. ఎండాడ, కార్‌షెడ్ కూడలి, కొమ్మాది దగ్గర ఊళ్ళోకి వచ్చే బస్సు ఎక్కాలంటే, కాలేజీ ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి, హైవే దాటాల్సి రావచ్చు. సాయంత్రం ఏడింటికి వర్షంలో ఆ రోడ్డు దాటడం ఎలా ఉంటుందో తల్లిదండ్రులు ఒక్కసారి స్వయంగా చూడాలి.

కాలేజీ చూడటానికి చాలామంది ఆదివారం వస్తారు. ఆదివారం పొద్దున విశాఖ ఖాళీగా, చల్లగా, ముచ్చటగా ఉంటుంది. సోమవారం ఎనిమిదింటికి మద్దిలపాలెంలో బస్సెక్కి చూడండి, మళ్ళీ సాయంత్రం ఆరున్నరకు కాలేజీ గేటు దగ్గర నిలబడి చూడండి.

ఇక గది. హాస్టల్‌కు విడిగా దరఖాస్తు పెట్టాలి, సీటుతో పాటే మంచం దొరుకుతుందని అనుకోవద్దు. దొరక్కపోతే పీజీ, అంటే నెలనెలా డబ్బు కట్టి ఉండే ప్రైవేటు వసతి. పీజీలో చూడాల్సింది టైల్సూ టీవీ కాదు, ముందు కుళాయి తిప్పండి. తీరానికి దగ్గరగా బోర్లు ఎక్కువైన చోట భూమిలోని మంచినీటిని తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి చొరబడుతుంది. చేతికి సబ్బు రుద్దితే నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతుంది, హీటర్ కడ్డీ మీద సున్నంలా పేరుకుంటుంది. నీళ్ళలో కరిగిన లవణాలెంతో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, కొనుక్కుని వెళ్ళండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే లవణాల పరంగా తాగడానికి ఇబ్బంది లేదు. వేరే నీళ్ళు దొరకనప్పుడు కూడా 2,000 దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, కుళాయి ఉందా, ఉంటే రోజుకు ఎంతసేపు వస్తుంది, తాగే నీళ్ళకు ఆర్వో ఉందా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు అని అడగండి. పైకెక్కి ట్యాంకు కూడా చూడండి. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని లెక్క. అరవై మంది ఉండే ఇంటి మీద ఐదు వేల లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే, అది నిండిన ప్రతిసారీ తలకు 83 లీటర్లే. మోటారు రోజుకు రెండుసార్లు వేయకపోతే మూడో అంతస్తు వాళ్ళు తొమ్మిదింటికి స్నానం లేకుండా కాలేజీకి పోతారు.

కరెంటు దగ్గర ఇంకో దెబ్బ. అంతస్తు మొత్తానికి ఒకే మీటరు ఉంటే యూనిట్లు పెరిగి పై స్లాబుల్లోకి పోతాయి, యజమాని అందరికీ కలిపి యూనిట్‌కు ఇంతని గుండుగుత్తగా వసూలు చేస్తాడు. ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు ఆడితే పది యూనిట్లు, నెలకు 300. యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటారనుకుంటే 3,000. ముగ్గురుంటే తలకు వెయ్యి. ఏప్రిల్, మే, జూన్‌లలో ఈ ఊరి ఉక్కపోతకు ఏసీ వద్దనుకోవడం కష్టం. కాబట్టి "అన్నీ కలిపి నెలకు ఇంత" అన్నప్పుడు ఆ "అన్నీ"లో కరెంటు ఉందో లేదో రాయించుకోండి. అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, సెలవుల్లో రెండు నెలలు లేకపోతే అద్దె ఉందా అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. తిండి విషయం తొందరగానే తేలుతుంది. ముందు చెప్పకుండా రాత్రి భోజనానికి వెళ్ళండి, ఆదివారం రాత్రి వంట ఉందో లేదో అడగండి.

అక్టోబరు, నవంబరు ఇక్కడ తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేవు. హాస్టల్‌లో జనరేటర్ ఉందన్న మాట సరిపోదు. అది లైట్లకేనా, బోరు మోటారును కూడా లాగుతుందా? లాగకపోతే ట్యాంకు సాయంత్రానికే ఖాళీ. తీరానికి దగ్గరి గదుల్లో ఉప్పు గాలికి తాళాలు, సైకిల్ చైన్లు తుప్పు పడతాయి, వానాకాలంలో బీరువాలో బట్టలకు బూజు వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు గాలి చొరబడని కవర్లో పెట్టి ఇంటి దగ్గరే ఉంచండి. ఆయాసం ఉన్న పిల్లలకు పోర్టు, పరిశ్రమల వైపు గది తీసుకోవద్దు. చుట్టూ కొండలున్న ఈ పళ్ళెంలో చలికాలం దుమ్ము తొందరగా కదలదు.

ఊరు ఇచ్చేవీ ఉన్నాయి, కానీ అవి కూడా దిక్కును బట్టే అందుతాయి. గేట్, బ్యాంకు పరీక్షల కోచింగ్, పౌర గ్రంథాలయం ద్వారకానగర్‌లో ఉన్నాయి. ఏయూ విద్యార్థి సాయంత్రం అక్కడ రెండు గంటలు చదువుకుని రాగలడు, సబ్బవరం విద్యార్థికి వారాంతంలోనే కుదురుతుంది. కెమికల్, ఫార్మసీ పిల్లలకు ఆఖరి ఏడాది ప్రాజెక్టులు దొరికేది పరవాడ, అచ్యుతాపురం వైపు, అంటే రుషికొండకు సరిగ్గా రెండో కొస. కంప్యూటర్స్ వాళ్ళకు రుషికొండ ఐటీ కొండలు, మధురవాడ. లా చదివేవాళ్ళకు కోర్టులు ఊళ్ళో ఉన్నాయి. బ్రాంచి తేలాక మ్యాపు ముందేసుకుని ఆ దిక్కు చూడండి.

సముద్రం గురించి కూడా రాయాలి. అల ఎరుగని ఊళ్ళ నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలు మొదటి నెలలోనే ఆర్కే బీచ్‌కో, యారాడకో వెళ్తారు. మోకాలి లోతులో నిలబడ్డా వెనక్కి పోయే అల కాళ్ళ కింది ఇసుకను తోడేస్తుంది. లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. ఈ ఒక్క ముక్క ప్రతి కాలేజీ మొదటి రోజే చెప్పాలి. చదువుకోవడానికి పంపిన బిడ్డను ఒడ్డున వెతుక్కునే గతి ఏ తల్లికీ రాకూడదు.

ఇందులో చాలావరకు తల్లిదండ్రులు ఒంటరిగా కనుక్కోగలిగినవి కావు. ఆప్షన్లు పెట్టడానికి ఇచ్చేదే కొద్ది రోజులు. ఉన్నత విద్యామండలి కాలేజీల జాబితాలో ఫీజు పక్కనే హాస్టల్ మంచాలెన్ని, వాటిలో మొదటి సంవత్సరానికి ఎన్ని, మెస్ ఖర్చెంత, గేటు దగ్గర ఆఖరి ఆర్టీసీ బస్సు ఎన్నింటికి అన్న నాలుగు గడులు చేర్చాలి. కాలేజీలు ఇచ్చే వివరం తప్పని తేలితే సరిదిద్దే బాధ్యత కూడా వాటిదే కావాలి. ఆర్టీసీ వారు కాలేజీల టైంటేబుళ్ళు తెప్పించుకుని, ల్యాబులు ముగిసే వేళకు సబ్బవరం, గంభీరం, రుషికొండ దారుల్లో కనీసం ఒక్కో బస్సు ఊళ్ళోకి నడపాలి. జీవీఎంసీ తన పరిధిలోని పీజీలను కాలేజీలు తెరవకముందే, అంటే జూన్‌లోనే తనిఖీ చేయాలి. రెండో మెట్లదారి ఉందా, కిటికీలకు తెరుచుకోని ఇనుప చువ్వలు బిగించారా, వంటగ్యాస్ సిలిండర్లు మెట్ల కిందే పెడుతున్నారా అన్నవి చూసి, తనిఖీ తేదీ గుమ్మం దగ్గర అతికించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.