మా బాబుని కుక్క కరిచినప్పుడు ఆదుకున్న అందరికీ, గుంటూరు బ్రాడీపేట నుంచి

థాంక్స్ ఎవరికి ముందు చెప్పాలి అనుకుంటే నాకు మా వీధి చివర ఇస్త్రీ బండి అక్కే గుర్తొస్తోంది. మా బాబుని నల్లోడు (వీధి కుక్కే, అందరిళ్ల అన్నం తిని పెరిగింది) పిక్క మీద కరిచింది. రక్తం చూసి మేమంతా కేకలు పెడుతుంటే, ఆమె బాబుని చంకనేసుకుని తీసుకెళ్లి కాలు కుళాయి కింద పెట్టేసింది. బట్టల సబ్బా ఒంటి సబ్బా అని చూడలేదు, చేతికి దొరికిన సబ్బుతో నురగ వచ్చేలా కడుగుతూనే ఉంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా వదల్లేదు. గుంటూరులో కారానికి కొదవేముంది, ఈలోపు పక్కింటి పిన్నిగారు గాయానికి పెట్టమని కారం డబ్బా మూత తీసేశారు. "దాన్ని కూరలో వేసుకోండమ్మా" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పావుగంట అయ్యాకే కాలు బయటికి తీసింది.

ఆ పావుగంట విలువ నాకు ఆస్పత్రికి వెళ్లాక తెలిసింది. రేబిస్ వైరస్ కుక్క లాలాజలంలో ఉంటుందట, దాని పైపొర కొవ్వుతో ఉంటుంది కాబట్టి సబ్బుకి విరిగిపోతుందట. కారం, సున్నం, పసరు లాంటివి పెడితే పుండు రేగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మా ఆటో బాబాయ్ ముందు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వాళ్లు టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) వేసి, రేబిస్ వైరస్‌ని వెంటనే అడ్డుకునే సీరం లేదు, రేపు చూద్దాం అన్నారు. ఆయన ఇంకో మాట లేకుండా బండి జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) వైపు తిప్పాడు. డబ్బులు ఇస్తుంటే తీసుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

జీజీహెచ్ క్యాజువాలిటీలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గాయాన్ని టార్చి వేసి చూసి, రక్తం వచ్చిందా అని ఒక్కటే అడిగారు. చర్మం చీలి రక్తం వస్తే మూడో రకం కాటు కింద లెక్క. దానికి టీకాతో పాటు సీరం కూడా వెయ్యాలి. టీకా వేసినా మన ఒంట్లో రక్షణ తయారవ్వడానికి వారం పైనే పడుతుంది, అప్పటిదాకా కాపలా కాసేది సీరం. ఎంత వెయ్యాలో బరువుని బట్టి ఉంటుందని సిస్టర్ బాబుని తూకం మిషన్ మీద నిలబెట్టారు. సీరాన్ని గాయం చుట్టూ, గాయం లోపలికి సన్న సూదితో కొంచెం కొంచెంగా ఎక్కించారు. సూది దిగిన చోటల్లా చర్మం తెల్లగా ఉబ్బుతుంటే నేను చూడలేక తల తిప్పుకున్నా. డాక్టరమ్మ మాత్రం వాడితో కార్టూన్ల గురించి మాట్లాడుతూనే పని పూర్తి చేశారు. కుట్లు వెయ్యలేదు, కట్టు బిగించలేదు. టీకా రెండు చేతులకీ, చర్మంలోనే, చుక్కంత. మా అత్తయ్యగారు "బొడ్డు చుట్టూ 14 సూదులు" అని అప్పటికే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ పాత మందు మన దేశంలో 2005 కల్లా ఆగిపోయిందని సిస్టర్ చెబితే గాని ఆవిడ కూర్చోలేదు. మొదటి రోజు, 3, 7, 28వ రోజు, అంతే. చీటీ మీద తేదీలు వేసి, ఒక్కటి కూడా తప్పించొద్దని వేలు చూపించి మరీ చెప్పారు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకి దాదాపు మందే లేదు. ఆ మాట డాక్టరమ్మ మామూలు గొంతుతోనే అన్నారు, నాకు మాత్రం కాళ్లు వణికాయి.

ఇక మా లైనులో జరిగింది. మేం ఇల్లు చేరేసరికి కుర్రాళ్లు కర్రలు పట్టుకుని నల్లోడి కోసం వెతుకుతున్నారు. వాళ్ల కోపం నాకు అర్థమైంది, నిజానికి నాకూ ఉంది. రిటైర్డు హెడ్‌మాస్టర్ గారు అడ్డం నిలబడి, చంపేస్తే ఇంక దేన్ని చూసి తెలుసుకుంటార్రా అని కేకలేశారు. కరిచేనాటికి కుక్క లాలాజలంలో వైరస్ ఉంటే, అది 10 రోజుల్లోపు జబ్బు పడి చచ్చిపోతుంది. బతికి బాగుంటే మన పిల్లాడికి ఆ కాటు వల్ల రేబిస్ రాదు. అలాగని కుక్కని చూసి టీకా మొదలెడదాం అని ఆగకూడదు, రెండూ ఒకేసారి నడవాలి. అదే కుర్రాళ్లు నల్లోడిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంచి, దూరం నుంచే గిన్నె తోస్తూ, వంతులేసుకుని కాపలా కాశారు. వాడికేం, పెరుగన్నం తిని నిద్రపోయాడు. గడువు దాటాక కూడా వాడి తోక ఊగుతూనే ఉంది. బాబు టీకాలు మాత్రం మేం ఆపలేదు.

పశువుల ఆస్పత్రి డాక్టరు గారికి ప్రత్యేకంగా చెప్పాలి. సెలవు రోజున వచ్చి, మా లైనులో చేతికి చిక్కిన కుక్కలన్నిటికీ టీకా వేశారు. నూటికి 70 కుక్కలకి టీకా పడితే జబ్బు ఒకదాన్నించి ఒకదానికి పాకడం ఆగిపోతుందట. పెంపుడు కుక్కకైతే మూడో నెలలో మొదటిది, తర్వాత బూస్టరు, ఆపైన ఏడాదికోసారి. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) అని పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు, 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి ఈ టీకా వేసిన రోజు అది. మా తమ్ముడు పొలంలో ముంగిస కరిస్తే ఏంటి సార్ అని అడిగాడు. ముంగిసైనా నక్కైనా పది రోజులు చూద్దాం అనే లెక్క వాటికి చెల్లదు, వెంటనే టీకాకి పరిగెత్తాలి అన్నారు. మరి వాటికి టీకా ఎవరేస్తారు అన్నాడు వీడు. స్విట్జర్లాండ్‌లో 1978లో కోడి తలకాయల్లో టీకా మందు పెట్టి నక్కలు తిరిగే చోట పడేశారని డాక్టరు గారు చెబితే అందరం నోరు తెరిచాం.

కుక్కల్ని పట్టుకెళ్లి ఎక్కడో దూరంగా వదిలేయించండి అని అడిగిన వాళ్లు కూడా ఉన్నారు. వీధి కుక్కల గురించి 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలి. నాకు అదే నయం అనిపిస్తోంది. టీకా పడిన కుక్క మన వీధిలో ఉంటే, పడని కొత్త కుక్క అంత తేలిగ్గా లోపలికి రాదు.

మా లైనులో ఇంకా నాలుగైదు చేతికి చిక్కలేదు. వాటిలో కిరాణా కొట్టు వెనక ఉండే తల్లి కుక్క కూడా ఉంది, పిల్లలున్నాయి కాబట్టి దగ్గరికి రానివ్వడం లేదు. దానికి రోజూ అన్నం పెట్టేది ఎవరో చెబితే, డాక్టరు గారు మళ్లీ వచ్చే ఆదివారం వాళ్లని తోడు రమ్మని అడుగుతాం.